ఊరు ఆంధ్రలో, కాలేజీ ఒడిశాలో: వికలాంగ విద్యార్థులకు సర్టిఫికెట్ నుంచి పరీక్ష హాలు దాకా

ఇచ్ఛాపురం, సోంపేట, కవిటి పిల్లలు డిగ్రీకో పీజీకో బరంపురం రావడం కొత్తేమీ కాదు. పాతపట్నం వాళ్లకు మహేంద్రతనయ దాటితే పర్లాకిమిడి. పార్వతీపురం, కురుపాం వాళ్లకు రాయగడ, గుణుపురం దగ్గర. బరంపురంలో, జయపురంలో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలు సరేసరి. వీళ్లలో చూపు, వినికిడి, కాళ్లూ చేతుల ఇబ్బంది ఉన్న పిల్లలకు చదువు బరువుకు తోడు ఇంకో చిక్కు వచ్చి పడుతుంది. సర్టిఫికెట్ ఒక రాష్ట్రానిది, కాలేజీ ఇంకో రాష్ట్రానిది, ఆఫీసులో నడిచే భాష ఇంట్లో మాట్లాడేది కాదు.

నేను బరంపురంలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. అడ్మిషన్ల రోజుల్లో తెలుగు వినబడగానే తల్లిదండ్రులు నా బల్ల దగ్గరికొచ్చి ఆగుతారు. "మా అమ్మాయికి సీటయితే వచ్చింది గానీ బాబూ, క్లాసు మేడ మీదంట, ఎలాగ?" అని అడుగుతారు. చట్టంలో ఇలాంటి వాటికి చాలావరకు జవాబు ఉంది. మనం అడిగే తీరే సరిగా ఉండదు. "కొంచెం చూడండి సార్" అని నోటితో చెప్పి వచ్చేస్తాం. ఏం కావాలో కొలతతో, తేదీతో, కాగితం మీద రాసి అడిగిన వాళ్ల పని మాత్రం కదులుతుంది. ఆ అడగడం ఎలాగో వరసగా చెబుతాను.

1. ముందు కాగితాలు

మూలం 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. ఇది కేంద్ర చట్టం కాబట్టి శ్రీకాకుళంలో ఎంతో గంజాంలో అంతే. పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ఇందులో 21 ఉన్నాయి. డిస్లెక్సియా, ఆటిజం, హీమోఫీలియా, తలసీమియా, సికిల్ సెల్ అనే రక్త జబ్బు అన్నీ లెక్కలోకి వస్తాయి. సికిల్ సెల్ పేరు ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. రాయగడ, కోరాపుట్ కొండ ప్రాంతాల పిల్లల్లో అది ఎక్కువ. అయినా అది వైకల్యం కింద వస్తుందని ఇంట్లో వాళ్లకే తెలియదు. నెలలో నాలుగు రోజులు ఒళ్లు నొప్పులతో మంచం పట్టే అబ్బాయిని కాలేజీలో "సోమరి" అనేస్తారు. సర్టిఫికెట్ ఉంటే హాజరు మినహాయింపు అడగడానికి ఆధారం దొరుకుతుంది.

మన దగ్గర అందరికీ తెలిసింది సదరం సర్టిఫికెట్. అది పట్టుకుని ఒడిశా వస్తే కొన్ని ఆఫీసుల్లో "ఇది ఇక్కడ చెల్లదు, ఒడిశాది తెండి" అంటారు. ఈ చట్టం కింద ఇచ్చిన వైకల్య ధ్రువపత్రం దేశమంతా చెల్లుతుందని సెక్షన్ 58 స్పష్టంగా చెబుతోంది. వాదన పెట్టుకునే ఓపిక లేకపోతే సులువైన దారి యూడీఐడీ కార్డు. కేంద్ర ప్రభుత్వ స్వావలంబన్ పోర్టల్లో దరఖాస్తు చేస్తే వచ్చే వైకల్య గుర్తింపు కార్డు అది, దాన్ని ఎక్కడా కాదనరు. మీరు ఉంటున్న జిల్లాలో గానీ, వైద్యం చేయించుకుంటున్న ఆస్పత్రిలో గానీ పరీక్ష చేయించుకోవచ్చు. కార్డు రావడానికి నెలలు పట్టొచ్చు కాబట్టి ఇంటర్ రెండో ఏడు మొదట్లోనే దరఖాస్తు పడేయండి. సీటు వచ్చాక చూద్దాంలే అనుకుంటే అప్పుడు టెన్షన్ తప్పదు.

సరిహద్దు దాటే తెలుగు పిల్లలకు వచ్చే పెద్ద తలనొప్పి పేరు దగ్గర. మనకు ఇంటిపేరు ముందు, ఒడియా వాళ్లకు చివర. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, యూడీఐడీలో ముందుదే చివరికి పోయి ఉంటుంది. కాలేజీ క్లర్కు ఒడియా పద్ధతిలో మళ్లీ తిప్పి రాస్తాడు. నాలుగు చోట్ల నాలుగు రకాలైతే నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్లో దరఖాస్తు ఆగిపోతుంది, ఎందుకు ఆగిందో ఎవరూ చెప్పరు. అడ్మిషన్ ఫారం నింపే ముందే నాలుగు కాగితాలూ పక్కపక్కన పెట్టి స్పెల్లింగు సరిచూసుకోండి. దిద్దాల్సి వస్తే పదో తరగతి సర్టిఫికెట్‌ని ప్రమాణంగా పెట్టుకుని మిగిలినవి దానికి సరిపోయేలా మార్పించుకోండి. ఆ సర్టిఫికెట్‌లో పేరు మార్పించడం అన్నిటికన్నా కష్టం.

సీట్ల సంగతి. ప్రభుత్వ, ప్రభుత్వ ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లకు కనీసం 5 శాతం సీట్లు, వయసులో ఐదేళ్ల సడలింపు ఉన్నాయి (సెక్షన్ 32). ఎయిడ్ లేని ప్రైవేటు కాలేజీకి ఈ 5 శాతం వర్తించదు. కానీ ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ సంస్థ అయినా వివక్ష చూపకూడదు, భవనాన్ని అందుబాటులో ఉంచాలి, అవసరమైన సదుపాయం కల్పించాలి (సెక్షన్ 16). అంటే "మాది ప్రైవేటు" అన్న మాట ర్యాంపు దగ్గర పనికిరాదు.

స్కాలర్‌షిప్పుల్లో కేంద్రానివి, రాష్ట్రానివి వేరు. రాష్ట్ర పథకానికి ఆ రాష్ట్రవాసి అయి ఉండాలి. ఒడిశాలో ఉన్న తెలుగు కుటుంబాల పిల్లలైతే అక్కడి సామాజిక భద్రత, వికలాంగుల సాధికారత శాఖ ఇచ్చే బానిశ్రీ ఉపకార వేతనం గురించి అడగండి. ఆంధ్ర నుంచి వచ్చేవాళ్లు కేంద్ర పోర్టల్లో పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు చూడాలి. ఇంజినీరింగ్, డిప్లొమా పిల్లలకు ఏఐసీటీఈ వారి సక్షమ్ కింద ఏడాదికి 50,000 రూపాయలు వస్తాయి. కుటుంబ ఆదాయం 8 లక్షలు దాటకూడదు.

2. చేరకముందే క్యాంపస్ కొలవండి

ఫీజు కట్టే ముందు ఒక పూట క్యాంపస్‌లో తిరగండి. ఒక కొలత టేపు, ఫోను, తోడుగా ఒక మనిషి చాలు. ఆదివారం వద్దు, క్లాసులు నడిచే రోజు వెళ్లండి. ఖాళీ వరండాలో దేనికీ ఇబ్బంది కనబడదు.

మొదట ర్యాంపు. ప్రతి కాలేజీ ముందూ ఇప్పుడు ఒక ర్యాంపు ఉంది. చాలావాటిని చూస్తే మోటార్‌ సైకిల్ లోపలికి ఎక్కించడానికి కట్టారేమో అనిపిస్తుంది. కొలవడం ఇలా: నేల నుంచి వరండా గచ్చు దాకా నిలువు ఎత్తు కొలవండి. తర్వాత ర్యాంపు మొదలైన చోటు నుంచి పైకి చేరే చోటు దాకా పొడవు కొలవండి. పొడవు ఎత్తుకు కనీసం 12 రెట్లు ఉండాలి. ఎత్తు పెరిగేకొద్దీ వాలు ఇంకా తగ్గాలి. వరండా 45 సెంటీమీటర్ల ఎత్తు ఉందనుకోండి, ర్యాంపు కనీసం 5 మీటర్ల 40 సెంటీమీటర్లు ఉండాలి. నేను కొలిచిన ఒకదానికి ఎత్తు అంతే, పొడవు రెండున్నర మీటర్లు కూడా లేదు. దాని మీద వీల్‌చైర్ తనంతట తాను ఎక్కలేదు. ఇద్దరు వెనకనుంచి తోస్తే ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. దిగేటప్పుడైతే చెప్పనక్కర్లేదు.

వెడల్పు కనీసం 120 సెంటీమీటర్లు ఉండాలి. రెండు వైపులా పట్టుకోవడానికి కడ్డీలు ఉండాలి, ఒకటి 76 సెంటీమీటర్ల ఎత్తులో, ఇంకొకటి 90లో. ర్యాంపు గచ్చు మీద కాలు రాసి చూడండి. నున్నటి గ్రానైటు వేస్తే ఆవిష్కరణ రోజు ఫొటోలో బాగుంటుంది, ఆగస్టు వానకి మాత్రం చంక కర్ర జారుతుంది. ర్యాంపు మొదట్లో, చివర్లో ఒకటిన్నర మీటరు చదును నేల ఉండాలి. చాలా చోట్ల ర్యాంపు దిగగానే కాలువ జాలీయో, వరసగా నిలబెట్టిన బైకులో ఉంటాయి.

తలుపులు. తలుపు పూర్తిగా తెరిచి, తలుపు అంచు నుంచి ఎదురు గుమ్మం దాకా కొలిస్తే 90 సెంటీమీటర్లు రావాలి. గోడల మధ్య కొలత వేసి "మూడడుగుల తలుపు పెట్టాం" అంటారు, ఫ్రేము, తలుపు మందం పోగా మిగిలేది తక్కువ. కింద గడప ఉందా చూడండి. మన ఇళ్లలో గడపకి పసుపు రాస్తాం సరే, క్లాసు రూముకి అది అక్కర్లేదు.

మరుగుదొడ్డి మీద కాస్త ఎక్కువసేపు పెట్టండి. వీల్‌చైర్ బొమ్మ ఉన్న తలుపు కనబడగానే "ఉంది" అని రాసుకుని రాకండి. తాళం తీయించండి. చాలాసార్లు లోపల చీపుళ్లు, ఫినాయిల్ డబ్బాలు, విరిగిన బెంచీలు ఉంటాయి. ఒకసారి ఒక అమ్మాయి కోసం తాళం అడిగితే అటెండరు, "తాళం బొడొబాబు దగ్గరుందమ్మా, ఆయన భోజనానికెళ్లారు" అన్నాడు. బొడొబాబు అంటే ఇక్కడ హెడ్ క్లర్కు. ఆయన భోజనం అయ్యేదాకా ఆగాల్సిన అవసరం కాదది. ఇలాంటి భయంతోనే ఆడపిల్లలు పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా కూర్చుని జబ్బులు తెచ్చుకుంటారు. లోపల వీల్‌చైర్ చుట్టూ తిరగడానికి ఒకటిన్నర మీటరు వలయం, 45 నుంచి 48 సెంటీమీటర్ల ఎత్తులో కమోడు, పక్కన గట్టి కడ్డీలు, బయటికి తెరుచుకునే తలుపు ఉండాలి. కడ్డీని చేత్తో గట్టిగా లాగి చూడండి. గోడలోంచి ఊడొచ్చేది ఉన్నా లేకపోయినా ఒకటే.

చూపు లేనివాళ్ల కోసం నేల మీద పసుపు పలకలు వేస్తున్నారు. గీతలున్న పలక "ఇటు నడు" అని, చుక్కలున్న పలక "ఆగు, ముందు ఏదో ఉంది" అని. ఆ వరస వెంట కళ్లు మూసుకుని ఒకరు నడవండి, ఇంకొకరు పక్కన ఉండండి. అది నేరుగా స్తంభం దగ్గరికో, కూలర్ దగ్గరికో, పూల కుండీల దగ్గరికో తీసుకెళ్తే ఫొటో తీసుకోండి. లిఫ్టు ఉంటే బటన్ల మీద బ్రెయిలీ ఉందా, అంతస్తు పేరు పలుకుతోందా, కరెంటు పోతే జనరేటరు దానికి కనెక్షన్ ఉందా అడగండి. లైబ్రరీ, ల్యాబు, క్యాంటీను, నీళ్ల కుళాయి కూడా అలాగే చూసేయండి.

ఈ కొలతలు నేను పెట్టినవి కావు. కేంద్ర ప్రభుత్వం 2021లో సవరించిన హార్మనైజ్డ్ మార్గదర్శకాల్లో ఉన్నాయి. కాలేజీల కోసమే యూజీసీ 2022లో ప్రమాణాలు విడిగా ఇచ్చింది. పాత భవనాలు మార్చుకోవడానికి చట్టం ఇచ్చిన ఐదేళ్ల గడువు 2022తోనే అయిపోయింది. 2024 నవంబరు 8న రాజీవ్ రటూరీ కేసులో సుప్రీంకోర్టు, ఈ ప్రమాణాలు సలహాల్లా ఉంటే కుదరదు, తప్పనిసరిగా పాటించాల్సినవి కొన్ని ఉండాలని తేల్చింది. ఆ కేసులో కోర్టు ముందున్న నివేదిక తయారుచేసింది హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వికలత్వ అధ్యయన కేంద్రం. మన ఊళ్ల వాళ్లకి తెలియాల్సిన విషయం ఇది.

3. ఉత్తరం

కొలిచిన వాటిని రెండు జాబితాలు చేయండి. డబ్బు ఖర్చు లేకుండా రేపే చేయగలిగినవి ఒకటి, కట్టడం పని కావాల్సినవి ఇంకొకటి. క్లాసు కింది గదికి మార్చడం, మరుగుదొడ్డి తాళం తీసి ఉంచడం, ర్యాంపు ముందు బైకులు పెట్టనివ్వకపోవడం, నోట్సు ముందుగా ఇవ్వడం మొదటి జాబితా. మొదటి ఉత్తరం దీనికే రాయండి. లిఫ్టు అడిగితే "ఫండ్స్ రావాలి" అన్న జవాబుతో రెండేళ్లు గడుస్తాయి, ఈలోగా డిగ్రీ అయిపోతుంది. గది మార్పుకు ఫండ్స్ అక్కర్లేదు, టైంటేబుల్ వేసే మనిషి ఒప్పుకుంటే చాలు.

ఉత్తరం ఇంగ్లిషులో గానీ ఒడియాలో గానీ ఉండాలి. విషయం మాత్రం ఇలా ఉంటే సరిపోతుంది:

"నేను బీఏ మొదటి సంవత్సరం విద్యార్థిని. నాకు 60 శాతం చలన వైకల్యం ఉంది, యూడీఐడీ నకలు జతచేశాను. మా తరగతులు మొదటి అంతస్తు 14వ గదిలో జరుగుతున్నాయి, ఆ భవనానికి లిఫ్టు లేదు. ఈ సెమిస్టరుకు మా సెక్షన్ తరగతులను కింది అంతస్తుకు మార్చగలరు. వికలాంగుల హక్కుల చట్టం 2016, సెక్షన్ 16 ప్రకారం ఈ సదుపాయం కోరుతున్నాను. మీ నిర్ణయాన్ని వచ్చే నెల 10వ తేదీలోగా రాతపూర్వకంగా తెలియజేయగలరు."

ఇందులో ఎక్కడా కష్టాల కథ లేదు, గమనించండి. నాన్న ఆటో నడుపుతాడని, అమ్మకి ఒంట్లో బాగోదని రాస్తే అది దయ అడిగే కాగితం అవుతుంది. చదివినవాళ్లు అయ్యో అంటారు, పక్కన పెడతారు. ఒక ఉత్తరంలో ఒకటే అడగండి. ప్రిన్సిపాల్‌కో రిజిస్ట్రార్‌కో రాసి, ఈక్వల్ ఆపర్చునిటీ సెల్‌కి (సమాన అవకాశాలు చూసే విభాగానికి) ఒక ప్రతి ఇవ్వండి. సెల్ ఉందో లేదో అటెండర్లకు తెలియకపోవచ్చు, కాలేజీ వెబ్‌సైట్‌లో బాధ్యుల పేరు వెతకండి. రెండు కాపీలు తీసుకెళ్లి, మీ కాపీ మీద స్టాంపు, డైరీ నంబరు, తేదీ వేయించుకోండి. ఆఫీసులో "ఆజ్ఞా" (మన "అండీ" లాంటి మాట) అంటూ రెండు ఒడియా మాటలు కలిపితే మనుషులు మెత్తబడతారు, అందులో నామోషీ ఏమీ లేదు. డైరీ నంబరు వేయించుకోకుండా మాత్రం తిరిగి రాకండి.

4. క్లాసు, పుస్తకాలు, భాష

ఈ భాగమే సరిహద్దులో మిగతా చోట్లకన్నా వేరు.

విజయనగరంలోనో విశాఖలోనో తెలుగు బ్రెయిలీ నేర్చుకున్న పిల్లలు "ఒడియా బ్రెయిలీ మళ్లీ మొదట్నుంచి నేర్చుకోవాలేమో" అని బెదిరిపోతారు. అక్కర్లేదు. భారతీ బ్రెయిలీలో భారతీయ భాషలన్నిటికీ ఒక శబ్దానికి ఒకటే గుర్తు. తెలుగు "క"కి ఏ చుక్కలో ఒడియా "క"కీ అవే, మరాఠీకీ అవే. చూపున్న వాళ్లం ఒడియా గుండ్రటి లిపి చూసి తికమక పడతాం గానీ, వేళ్లతో చదివేవాళ్లకి ఆ గోడే లేదు. తెలుగులో ఉన్న "ఎ, ఏ" తేడా ఒడియాలో లేదు, అలాంటి చిన్నచిన్న తేడాలు చూసుకుంటే చాలు. భాష మాత్రం నేర్చుకోవాలి, అది అందరికీ తప్పదు.

కంప్యూటర్‌లో తెర మీది అక్షరాల్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ ఉచితంగా దొరుకుతుంది, తెలుగూ ఒడియా రెండూ చదువుతుంది. ఫోన్లో అదే పని చేసే టాక్‌బ్యాక్ ఉండనే ఉంది. ఇబ్బందంతా మనం ఇచ్చే ఫైళ్లతో. జిరాక్సు కాపీని స్కాన్ చేసి పంపితే అది బొమ్మ, స్క్రీన్ రీడర్‌కి అందులో అక్షరమే కనబడదు. పాత ఫాంట్లతో ఇంకో గొడవ. తెలుగులో అను, ఒడియాలో ఆకృతి ఫాంట్లతో టైపు చేసిన నోట్సు మన కంటికి బాగానే ఉంటుంది, స్క్రీన్ రీడర్ మాత్రం పిచ్చి అక్షరాలు వరసగా వల్లిస్తుంది. లెక్చరర్లను అడగాల్సింది ఒక్కటే: యూనికోడ్‌లో టైపు చేసిన వర్డ్ ఫైలు. డిపార్ట్‌మెంటులో టైపు చేసే అబ్బాయిని పట్టుకుంటే ఇంకా త్వరగా అవుతుంది. పుస్తకాన్ని చదవగలిగే రూపంలోకి మార్చడానికి ప్రచురణకర్త అనుమతి అడగనక్కర్లేదు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి ఈ వీలు కల్పించారు. సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీలో ఇప్పటికే మార్చిన పుస్తకాలు ఉన్నాయి, ముందు అక్కడ వెతకండి. లేకపోతే మీ లైబ్రరీలో అడగండి. స్కాన్ చేసి అక్షరాలు దిద్దడం మా పనే, మొహమాటపడకండి.

వినికిడి లేనివాళ్లకు భాష ఇంకోలా అడ్డం పడుతుంది. తెలుగు పెదాల కదలిక చూసి పదేళ్లుగా అర్థం చేసుకున్న అమ్మాయికి ఒడియా పెదాలు ఏమీ చెప్పవు. ఒడియా యాసతో పలికే ఇంగ్లిషు కూడా అంతే. "పెదాలు చూసి తెలుసుకుంటుంది కదా" అని మీరు లెక్చరర్‌కి చెబితే ఆయన నిశ్చింతగా ఉండిపోతాడు, అమ్మాయి ఏడాది వృథా అవుతుంది. భారతీయ సంజ్ఞా భాష వచ్చిన అనువాదకుల్ని రాతపూర్వకంగా అడగండి. చిన్న ఊళ్లలో వాళ్లు దొరకడం కష్టమే, ఆన్‌లైన్‌లో వీడియో ద్వారా పెట్టమనండి. అది కుదిరేదాకా ఎటూ క్లాసు ఆగదు కాబట్టి మొదటి బెంచీలో చోటు, బోర్డు వైపు తిరిగి మాట్లాడకపోవడం, పాఠం ముందురోజే నోట్సు, పక్కన రాసి చూపించే తోటి విద్యార్థి ఉండాలి. ఫోన్లో మాటను అక్షరాలుగా మార్చే యాప్‌కి మైకు లెక్చరర్ దగ్గర పెట్టాలి. ఆఖరి బెంచీ మీద ఫోను పెడితే అది ఫ్యాను చప్పుడే వింటుంది.

5. పరీక్షలు

కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్‌కి ఉత్తరం పరీక్ష ఫారంతో పాటే వెళ్లాలి. హాల్ టికెట్ వచ్చాక కాదు. 2018 ఆగస్టు 29 నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం గంటకు కనీసం 20 నిమిషాలు అదనం, మూడు గంటల పేపరుకు ఒక గంట. స్క్రైబ్ (మనం చెబితే జవాబులు రాసిపెట్టే మనిషి) వాడినా వాడకపోయినా ఈ సమయం వర్తిస్తుంది. చూపు లేనివాళ్లకు, రెండు చేతులకూ ఇబ్బంది ఉన్నవాళ్లకు, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లకు అడిగితే స్క్రైబ్ ఇవ్వాలి. మిగతావాళ్లు రాయలేరని ప్రభుత్వ ఆస్పత్రి నుంచి నిర్ణీత నమూనాలో సర్టిఫికెట్ తేవాలి. పరీక్ష గది కింది అంతస్తులో అడగండి.

40 శాతం లేకపోతే? "కటాఫ్ రాలేదు, స్క్రైబ్ లేదు" అని చాలా ఆఫీసుల్లో ఇప్పటికీ అంటారు. 2021 ఫిబ్రవరి 11న వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ వాదన చెల్లదంది. రాయలేని ఇబ్బంది ఉంటే శాతంతో పని లేదు. దాన్ని బట్టే 2022 ఆగస్టు 10న 40 శాతం లోపు వారికి విడిగా మార్గదర్శకాలు వచ్చాయి. ఆ రెండు తేదీలూ ఉత్తరంలో రాయండి. పోటీ పరీక్షల నిబంధనలు మారుతూ ఉంటాయి, అక్కడ ఆ నోటిఫికేషన్‌లో ఏముందో అదే చూడాలి.

స్క్రైబ్‌ని యూనివర్సిటీ ఇస్తే పరీక్షకు రెండు రోజుల ముందు కలవడానికి అవకాశం అడగండి. మీరే తెచ్చుకుంటే చదువు మీకన్నా ఒక మెట్టు తక్కువ ఉండాలని చూస్తారు. బరంపురంలో తెలుగు ఇళ్లలో పెరిగి ఇంగ్లిషు మీడియంలో చదివిన ఇంటర్ పిల్లలు దొరుకుతారు, మన పిల్లలకు వాళ్లే బాగా సరిపోతారు. జవాబు ఇంగ్లిషులో చెబుతూ మధ్యలో "ఆ పేరా కొట్టెయ్, కింద కొత్త లైన్లో రాయి" అని తెలుగులో అనేయొచ్చు. ఒడియా మాత్రమే వచ్చిన స్క్రైబ్‌తో ఆ సూచనలన్నీ తడబడతాయి. ఇంటి దగ్గర గడియారం పెట్టుకుని పాత పేపర్లు చెప్పించి రాయించండి. చెప్పి రాయించడం విడిగా సాధన చేయాల్సిన విద్య, బాగా చదివినవాళ్లు కూడా మొదటిసారి సగం పేపరే పూర్తిచేస్తారు.

ఎవరూ ముందు ఆలోచించనిది బస్సు. మధ్యాహ్నం పేపరుకు గంట కలిపితే చీకటి పడుతుంది, సరిహద్దు దాటే బస్సులు అప్పటికి పలచబడతాయి. మిగిలిన గది ఖాళీ అయ్యేసరికి ఇన్విజిలేటరు కూడా వాచీ చూసుకోవడం మొదలుపెడతాడు. "ఐపోయిందా?" అని పదే పదే అడుగుతుంటే ఇచ్చిన గంట ఇచ్చినట్టు కాదు. విడి గది, పూర్తి సమయం ఉండే ఇన్విజిలేటరు కావాలని ఉత్తరంలోనే రాయండి. ఆ రాత్రికి ఊళ్లో చుట్టాల ఇల్లో హాస్టలో చూసుకోండి.

6. హాస్టల్, తుఫాను, స్నేహితులు

హాస్టల్లో కింది గది ఇస్తే చాలనుకుంటాం. గంజాం తీరానికి ఇది సరిపోదు. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబరులో తిత్లీ పలాస వైపు దాటి గజపతి జిల్లా కొండల్ని కూడా ముంచింది. వార్డెన్‌ని సెప్టెంబరులోపే ఈ ప్రశ్నలు అడగండి. కింది గదుల్లోకి నీళ్లొస్తే వీల్‌చైర్ పిల్లల్ని పైకి ఎవరు, ఎలా తీసుకెళ్తారు? వినికిడి లేని అమ్మాయిని అర్ధరాత్రి ఎవరు లేపుతారు? మైకులో ప్రకటన ఆమెకి చేరదు, కరెంటు పోతే ఫోను కూడా చేరదు. పక్క మంచం అమ్మాయి పేరు కాగితం మీద రాసి ఉండాలి. బ్యాటరీ వీల్‌చైర్, వినికిడి యంత్రం వాడేవాళ్లకి జనరేటర్ దగ్గర చార్జింగు ఎవరు చూస్తారు? విపత్తుల్లో వికలాంగులకు సమాన రక్షణ ఉండాలని చట్టంలో సెక్షన్ 8 ఉంది. వార్డెన్ల దగ్గర దీని ప్రస్తావనే తక్కువ.

తోటి విద్యార్థులకూ లెక్చరర్లకూ రెండు మాటలు. అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఎగతాళి అనుకుంటాం. నా లెక్కన మంచితనమే ఎక్కువ చేస్తోంది. "నువ్వు ఫీల్డ్ ట్రిప్‌కి రానక్కర్లేదమ్మా, అటెండెన్స్ వేసేస్తాం", "ప్రాక్టికల్ మేం చేసేస్తాం, నువ్వు కూర్చో" అంటారు. ఆ అమ్మాయి మూడేళ్లూ కూర్చునే ఉంటుంది, మార్కులొస్తాయి, పని రాదు. మహేంద్రగిరి తీసుకెళ్తుంటే జీపు ఎంత దూరం వెళ్తుందో అంతవరకూ తీసుకెళ్లండి, మొక్కల నమూనాలు అక్కడికి తెప్పించండి. ఎన్‌ఎస్‌ఎస్‌లో, కాలేజీ ఫెస్ట్‌లో పని ఇవ్వండి, ఊరికే వేదిక మీద సన్మానం చేయకండి. వీల్‌చైర్‌ని అడక్కుండా తోయకండి. చూపు లేనివారి చేయి పట్టి లాగకండి, మీ మోచేయి అందించండి, వాళ్లే పట్టుకుంటారు.

7. జవాబు రాకపోతే

రాసిన తేదీ దాటాక ఒక గుర్తుచేసే ఉత్తరం ఇవ్వండి, పాత డైరీ నంబరు అందులో వేయండి. కాలేజీలో విద్యార్థుల ఫిర్యాదులు చూసే కమిటీ ఉంటే దానికీ ఇవ్వండి. తర్వాత మెట్టు భువనేశ్వర్‌లోని రాష్ట్ర వికలాంగుల కమిషనర్. కోరాపుట్‌లోని కేంద్రీయ విశ్వవిద్యాలయం, బరంపురం ఐఐఎస్‌ఈఆర్ లాంటి కేంద్ర సంస్థలైతే ఢిల్లీలోని చీఫ్ కమిషనర్‌కి వెళ్లాలి. ఇక్కడ పొరపాటున రాష్ట్రానికి పంపితే నెలలు పోతాయి. ఆంధ్ర కమిషనర్‌కి రాసి లాభం లేదు, మీ ఇల్లు అక్కడున్నా కాలేజీ ఇక్కడుంది.

సమాచార హక్కు కింద కూడా అడగొచ్చు. "ర్యాంపులు ఉన్నాయా" అని కాకుండా, యాక్సెసిబిలిటీ ఆడిట్ (భవనాల అందుబాటు తనిఖీ) ఎప్పుడు జరిగింది, నివేదిక నకలు ఇవ్వండి, 5 శాతం సీట్లలో ఈ ఏడాది ఎన్ని నిండాయి అని అడగండి. ఒడిశాలో ఫారం-ఎ నింపాలి, గుర్తింపు కార్డు జతచేయాలి, తెల్లకాగితం మీద రాస్తే వెనక్కి పంపుతారు. 30 రోజుల్లో జవాబు రావాలి. లాయరు కావాల్సి వస్తే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత సాయం ఉంది. చట్టం ఉల్లంఘిస్తే మొదటిసారి 10,000 రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా ఉంది.

మహారాష్ట్ర వైపు సిరోంచ, దెగ్లూర్, ధర్మాబాద్ తెలుగు పిల్లలకూ దారి ఇదే. గడ్చిరోలి గోండ్వానా యూనివర్సిటీ అయినా నాందేడ్ స్వామి రామానంద తీర్థ యూనివర్సిటీ అయినా చట్టం, కొలతలు, పరీక్ష సమయం మారవు. కమిషనర్ ఆఫీసు పుణేలో ఉంటుంది, ఉత్తరం మరాఠీలో గానీ ఇంగ్లిషులో గానీ రాయాలి. గడ్చిరోలిలో సికిల్ సెల్ పిల్లలు ఎక్కువ కాబట్టి అక్కడ హాజరు మినహాయింపు ఉత్తరం మొదటి వారంలోనే ఇచ్చేయండి, జబ్బు పడ్డాక రాయడానికి ఓపిక ఉండదు.

కమిషనర్‌కి పంపే ఫిర్యాదు ఒక పేజీ దాటనివ్వకండి. యూడీఐడీ నకలు, డైరీ నంబర్లున్న ఉత్తరాలు, కొలత టేపు ఆనించి తీసిన ఫొటోలు జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఫొటోలో టేపు మీది అంకె స్పష్టంగా కనబడాలి.